పడుకుని పోయిన దావ

ముప్పైయొక్క ఏండ్లు
ఈ దావలో నిలబడే పోయినాను.
చంకలో తోలుసంచి, చెవిమీద పెన్సిలు,
సీటు కమ్మికి నడుము ఆనించి
చంద్రగిరి, పనపాకం, నేండ్రగుంట, పూతలపట్టు
అని అరిచిందే గానీ
ఏ ఊరి మీదా ఆకాశం ఎట్లుంటుందో
తల వంచి చూసింది లేదు.
బస్సు కిటికీలు కూర్చున్నోళ్ళ ఎత్తుకు పెడతారు.

నడుములో నాలుగో పూస, ఐదో పూస
సీటు కోసం తోసుకున్నట్టు తోసుకున్నాక
డిపోలో దండ వేసి పంపించినారు.
సైకిలెక్కితే ఎడమ కాల్లో కరెంటు.
కూర్చోవద్దు, వంగవద్దు, అంది డాక్టరమ్మ.
పడుకోవచ్చునా?
పడుకోవచ్చు.
ఆ ఒక్క మాట పట్టుకుని
కొర్లగుంటలో వెల్డింగు మొగిలీశ్వరన్ దగ్గరికి పోయినాను.

ముందర రెండు చక్రాలు ఆస్పత్రి పాత కుర్చీవి.
వెనక చక్రం పాలవాడు అమ్మేసిన సైకిల్ది.
మూడు చైన్లు కలిపి ఒక చైను,
పండుకునేదానికి నవారు అల్లిక,
తొక్కేది ఎదురుగా, గాల్లో.
లారీవాళ్ళకు కనపడాలని
మా వనజాక్షి పాత రవికె గుడ్డ
వెదురు పుల్లకు కట్టి నిలబెట్టింది.
ఎర్రది, జరీ అంచు ఇంకా పోలేదు.

శనివారం పొద్దన్నే తిరుపతిలో
రెండు రోజుల ర్యాలీకి అరవైమంది.
చిటికెన వేలితో లేపే సైకిళ్ళు, కందిరీగ తలల టోపీలు.
నాకు నలభైయేడో నెంబరు.
'ఇది బండా అంకుల్, మంచమా?'
మొగిలీశ్వరన్ మూతి తుడుచుకుని
'పగులు బండి, రేత్రి మంచం' అన్నాడు.

ఊరు దాటినాక
చింతచెట్లు పొట్టలు చూపించినాయి.
కరెంటు తీగల మీద పిట్టల కాళ్ళు లెక్కపెట్టినాను.
శేషాచలం ఒక పక్కన
నాతోబాటే పడుకుని వస్తా ఉంది.
తోతాపురి ట్రాక్టర్లు దాటిపోతుంటే
ఇరుసు, మట్టి, తొట్టి సందులోంచి కారే సొన.
ఒక చుక్క నా కంటద్దం మీద పడి
చిత్తూరు దాకా లోకమంతా జిగురు.

పనపాకం బస్టాపులో ఒక ముసలామె
చెప్పులు విడిచి దండం పెట్టింది.
'ఎవురో పాపం, అట్నే పోతాండాడు' అని.
చెయ్యెత్తి ఊపినాను.
ఆమె తిట్టిన తిట్లు
పల్లం మొదలయ్యే దాకా వినపడినాయి.

పల్లం!
గాలికి నేను దొరకలేదు.
టోపీల పిల్లోళ్ళు ఒక్కొక్కరే వెనక్కి పోతుంటే
నవారు ఈల వేసింది, రవికె గుడ్డ పటపటలాడింది,
ఏబైయెనిమిదేండ్ల నోరు తెరుచుకుని
నేనేమని అరిచినానో తెలుసునా?
పూతలపట్టు, పూతలపట్టు, పూతలపట్టు.

మిట్టలో మళ్ళీ అందరూ నన్ను దాటిపోయినారు. అది వేరే సంగతి.

రాత్రి చిత్తూరులో మామిడి మండీ షెడ్డు.
గడ్డి వాసన, మాగిన వాసన, సంగటి, ఊరిబిండి.
మణికట్టు నొప్పి ఒకడికి, కూర్చునే చోట మంట ఇంకొకడికి.
ఒక్కొక్కరే వచ్చి నా బండిలో పడుకుని
'అబ్బా' అని లేచిపోయినారు.
చంద్రహాసు అనే పిల్లోడు లేవనే లేదు, గురక పెట్టినాడు.
నేను నేలమీద పడుకున్నాను.

ఆదివారం తిరుగుదారి.
నేండ్రగుంట దగ్గర చైను తెగి
మొగిలీశ్వరన్ గాజుల్లాంటి లింకులు రోడ్డుమీద ఏరుతుంటే
మా డిపో బస్సొచ్చి మెల్లగైంది.
ఫుట్‌బోర్డు మీద కొత్త కండక్టరు,
మీసం కూడా సరిగ్గా రాలేదు.
నన్ను గుర్తుపట్టే వయసు కాదు.
బండిని చూసి నవ్వి, రెండు విజిల్లు వేసి, రైట్ అన్నాడు.
బస్సు కదిలినాక చూసినాను,
వాడి చెయ్యి
వాడి నడుము మీద ఉంది.

ఏమన్నా అరుద్దామనుకున్నాను.
కింద పడుకున్నోడి గొంతు
బస్సు లోపలికి ఎక్కదు.

ఇంటికొచ్చి మంచమ్మీద వాలితే
కప్పు కదలడం లేదు.
వనజాక్షి రవికె గుడ్డ విప్పి, దుమ్ము దులిపి
మళ్ళీ నెల ర్యాలీ యాడ? అనింది.